మొదటి కాన్పు

రామలింగప్ప ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే చుట్టూ జనం ఉండాలి. ఆ సంగతి తెలుసు కాబట్టే జ్ఞానమణి, నందికొట్కూరులో బస్సు దిగి ఆయన ఊరికి ఎండలో నడిచి వచ్చి కూడా, నేరుగా అరుగు దగ్గరికి పోలేదు. ఎదురింటి పంచన నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, కాళ్ల దుమ్ము దులుపుకుంటూ కాలక్షేపం చేసింది. ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అట్లాంటప్పుడు అడిగితే "చూస్తాంలే" అని ఊరుకుంటాడు. కరణం రావాలి, పూజారి రావాలి, పని లేక వచ్చి కూర్చునే నలుగురైదుగురు రావాలి. అప్పుడు అడగాలి.

ఆయనా ఆమెను చూశాడు. చూసి, చూడనట్టు వక్క కొరుకుతూ కూర్చున్నాడు. ఆయనకు కూడా జనం రావాలి.

కర్నూలులో ఒక కమిటీ నడిపే ఆస్పత్రికి జ్ఞానమణి చందాలు తెస్తుంది. అంగళ్లలో డబ్బా పట్టుకొని తిరగడానికి వేరే గుమాస్తా ఉన్నాడు. ఆమెది పెద్దిండ్ల పని. ఆస్పత్రిలోనే ఆడపిల్లలకు మంత్రసాని పని నేర్పే బడి ఉంది. ఆ పిల్లల చదువుకోసం, ఊరి ఆడవాళ్ల కాన్పులకోసం ఒక పురిటి వార్డు మొదలుపెట్టారు. గోడలు లేచాయి, కప్పు పడింది, ఒక గదికి తలుపు బిగించారు. అక్కడితో చేతిలో ఉన్నది అయిపోయింది. మంచాలు లేవు, ఆపరేషన్ గదికి గచ్చు లేదు. కాన్పులు ఇప్పటికీ పాత వరండాలో, చాపలు అడ్డం కట్టి చేస్తున్నారు. కొత్త వార్డు వాకిలి పైన పేరు చెక్కడానికి పెట్టిన నల్లరాయి మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది. ఆ రాయిని మంచి ధరకు అమ్మడం జ్ఞానమణి ఉద్యోగం.

అరుగు నిండింది. ఆమె వెళ్లి కింది మెట్టు మీద కూర్చుంది. కిరస్తానీ మనిషికి అక్కడిదాకానే చోటు. సంచిలోంచి చుట్టగా చుట్టిన కాగితం తీసి పరిచింది. ఓవర్సీయరు గీసిన వార్డు బొమ్మ. వాకిలి మీద పెన్సిలుతో 'చిన్నన్న పురిటి వార్డు' అని ఉంది. చిన్నన్న, రామలింగప్పకు తండ్రి; చనిపోయాడు. ఏ ఇంటికి పోతే ఆ ఇంటి పెద్ద పేరు అక్కడ పడుతుంది. ఇదివరకటి పేర్లు రబ్బరుతో తుడిచి తుడిచి, ఆ చోట కాగితం ఉల్లిపొర మాదిరి అయింది.

రామలింగప్ప వంగి చూశాడు. "మా నాయన పేరు ఇంత సన్నగానా? తోవన పొయ్యేటోనికి కనపడ్తాదా?"

"తోవన పొయ్యేటోని సంగతి యాల? కారులో పొయ్యే కలెక్టరు దొరకు కనపడల్ల," అన్నాడు కరణం.

"దొర వస్తాడా తెరిచేదానికి?"

"మీరు ఇచ్చినారంటే రాకుండా ఎట్లుంటాడప్పా?" అంది జ్ఞానమణి. ఈ మాట ఆమె ఎన్ని అరుగుల దగ్గర చెప్పిందో ఆమెకే తెలీదు. నోరు దానంతట అదే చెప్పేస్తుంది.

"అక్షరం జానెడు ఉండల్ల."

"ఉంటాదప్పా."

"పక్కన వేరే వాళ్ల పేర్లు, సెక్రటరీ పేరు, వాని పేరు, వీని పేరు ఉండగూడదు."

"మీ నాయన పేరు పక్కన నిలబడే పేరు యాడుందప్పా ఈ తాలూకాలో?"

అరుగు మీద వాళ్లు తలలాడించారు. రామలింగప్ప గొంతు సవరించుకున్నాడు. ఇస్తానంటాడని అందరూ చూశారు. ఆయన కాగితాన్ని కాలి బొటనవేలితో ఆమె వైపు నెట్టాడు. "ఇంకొక తూరి రా. ఆలోచన చేసి చెప్తా."

పెద్దవాళ్లు మొదటిసారి అడిగితే ఇవ్వరు. ఇస్తే ఇంకొకసారి అడిగించుకునే వీలుండదు. జ్ఞానమణి దండం పెట్టి కాగితం చుట్టుకుంది.

ఆయన భార్య అంజనమ్మ సందులోంచి పిలిపించింది. ఇంటి లోపలినుంచి కాకుండా, గోడ చుట్టూ తిరిగి పెరటికి పోవాలి. అక్కడ కోడలు సుబ్బరత్నమ్మ చేట ముందు కూర్చుని కందులు ఏరుతోంది. నిండు కడుపు. తొలిచూలు. పుట్టిల్లు ఒంటిమిట్ట దగ్గర. కర్నూలులో రైలెక్కి పోవాలి. అయితే మూఢం వచ్చిందని పంపలేదు.

జ్ఞానమణి ఆ పిల్ల పాదాలు చూసింది. మెట్టెలు కండలోకి దిగిపోయి, వేళ్లకు దారం బిగించి కట్టినట్టున్నాయి. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. పిల్ల పక్కనున్న చెంబు కోసం చెయ్యి చాపింది. చెయ్యి చెంబుకు ఇవతల నేల మీద పడింది. మళ్లీ తడిమి పట్టుకుంది.

"ఏమ్మా, కనపడలేదా?"

"రెండు రెండుగా కనపడ్తాండాదక్కా. తల పగిలిపోతాండాది పొద్దున్నుంచి."

"పుట్టింటికి పోవల్లంటే ఇట్లాంటి వంకలు శానా వస్తాయి," అంది అంజనమ్మ. ఆ మాటలో కోపం లేదు, అలవాటు ఉంది. "కడుపుతో ఉండేటోళ్లకు నీరు పడ్తాది గాని బంగారం పడ్తాదా? మూఢం పోనీ, పంపిస్తా."

"అమ్మా, మా డాక్టరమ్మకు ఒక తూరి చూపిస్తే..."

అంజనమ్మ నవ్వింది. "బాగుంది మ్మే. నా కోడలు పొయ్యి మీ ఆస్పత్రిలో అందరి పక్కన కాళ్లు చాపల్లనా? అది బీదాబిక్కీ కోసం గదా మేము ఇచ్చేది. అన్నదానం చేసేటోళ్లు పొయ్యి పంక్తిలో కూర్చుంటారా?"

అడగడానికి పోయిన ఇంట్లో తప్పు పట్టకూడదు. ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే. "నిజమేనమ్మా," అంది జ్ఞానమణి. అంజనమ్మ ఆమె సంచిలో ఇన్ని కందులు పోయించింది, పైనుంచి, చెయ్యి తగలకుండా.

బస్సు కోసం నడుస్తుంటే కందుల బరువు భుజాన్ని లాగింది. నిజమేనమ్మా అన్న తన గొంతు చెవిలో ఇంకా ఉంది. ఎంత తియ్యగా అన్నాను అనుకుంది.

ఆస్పత్రిలో జ్ఞానమణి చెప్పింది విన్నంతసేపూ డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూనే ఉంది. మాట అయిపోయాక కూడా కడుక్కుంది.

"వాపు, తలనొప్పి, కండ్ల మసక. ఈ మూడూ వచ్చినాయంటే నాలుగోది ఫిట్లు. అది ఆ ఇంట్లో వచ్చిందంటే దయ్యం పట్టిందని వేపమండలతో కొడతారు. తల్లీ పోతుంది, బిడ్డా పోతుంది. రేపే తీసుకొని రా."

"వాళ్లు పంపరు డాక్టరమ్మా."

"ఖాళీ రాయిని అమ్ముతావు గదా ఊరూరా తిరిగి. ఇది అమ్మలేవా?"

ఆస్పత్రి కమిటీ సెక్రటరీ బసవన్న వకీలు. సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, కోటు విప్పకుండానే ఆఫీసు గదిలో కూర్చున్నాడు. జ్ఞానమణి చెప్పింది విని ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"వాళ్ల కోడలి కాళ్లు మనకెందుకమ్మా? అవి వాళ్లింట్లో కాళ్లు. ఈ జిల్లాలో వార్డు మొత్తం ఒక్క చేత్తో ఎత్తుకునే మనిషి ఆయప్ప ఒక్కడే. వచ్చే శుక్రవారం దాటితే దొర క్యాంపు పోతాడు. ఆ లోపల తెరవల్ల. నువ్వు నోరు జారినావంటే ఆయప్ప పొయ్యి గుడికి గోపురం కట్టిస్తాడు. అప్పుడు నువ్వు మళ్లా మిషన్ బడికి పొయ్యి అఆలు దిద్దించుకోవచ్చు. ఆ పలకలు నీ కోసమే ఎదురు చూస్తాంటాయి."

"ఆ పిల్ల చచ్చిపోతాదంటాంది డాక్టరమ్మ."

"డాక్టర్లు అట్లే అంటారు. అనకపోతే వాళ్ల దగ్గరికి ఎవరు పోతారు?" తన మాటకు తానే నవ్వి, బసవన్న టోపీ సర్దుకున్నాడు.

మరునాడు రామలింగప్ప అరుగు ముందే నిండి ఉంది. ఆమె వస్తుందని కబురు పోయినట్టుంది. పూజారి కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. జ్ఞానమణి మెట్టు మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది, వార్డు బొమ్మ బయటికి తీయలేదు.

రామలింగప్ప ఆ సంచి వైపు చూశాడు. "ఏం మ్మే, ఉలకవు పలకవు? అడిగేదానికి గదా వచ్చినావు?"

"అడిగేదానికే వచ్చినానప్పా. కానీ ఒక చిక్కు పడింది. మీకు చెప్పల్లనా వద్దా అని తోవంతా అదే ఆలోచన."

"ఏం చిక్కు?"

"పక్కూరి ఆదెన్నప్ప మనిషి ఆస్పత్రికి వచ్చినాడు. పేరు ఎవురిదన్నా చెక్కుకోండి, కొత్త వార్డులో మొదటి కాన్పు మాత్రం మా బిడ్డదే కావల్ల అన్నాడంట."

అట్లాంటి మనిషి ఎవడూ రాలేదు. ఆదెన్న కూతురు కడుపుతో ఉన్న మాట మాత్రం నిజం. రామలింగప్పకూ ఆదెన్నకూ ఒక పొలం గట్టు దగ్గర మొదలైన పంతం ఇప్పుడు పెండ్లి బండ్లకూ, ఎద్దుల గజ్జెలకూ, జాతరలో ఎవరి మేళం ముందు పోవాలన్నదానికీ పాకింది. జ్ఞానమణి ఆ మాట చెప్పి, తల దించుకొని, మెట్టు మీది చీమలను చూస్తూ కూర్చుంది. ఇక ఆమె ఏమీ చెప్పనక్కరలేదు. మిగిలింది వాళ్లే చెప్పుకుంటారు.

"పేరు మనది, ప్రవేశం వాళ్లదా?" అన్నాడు కరణం. "కొత్తింట్లో ముందు ఎవురు పాలు పొంగిస్తే ఇల్లు వాళ్లదే గదప్పా."

"అదే మాట రేపు ఊరంతా అంటారు," అన్నాడు ఇంకొకడు. "చిన్నన్న కట్టించె, ఆదెన్న మనవడు పుట్టె అని."

రామలింగప్ప మెడ ఎర్రబడింది. "వాని యబ్బ! నా నాయన పేరు కింద వాని బిడ్డ కాలు పెడ్తాదా? మన కోడలు లేదా?"

"మూఢం గదా?" అని ఎవరో నసిగారు.

అందరూ పూజారి వైపు చూశారు. పూజారి కండ్లు మూసుకొని వేళ్లు లెక్కపెట్టాడు. "పుట్టింటి పయనానికి మూఢం గాని ధర్మకార్యానికి మూఢమేంది? దీన్ని కాన్పని ఎందుకనుకోవల్ల? ప్రవేశం అనుకుందాం. ఆ చిన్నన్నే మళ్లా పుడ్తాడు, ఆయన పేరు కిందనే. నాకు కనపడ్తాండాది."

"ఏం మ్మే, మగబిడ్డే గదా?" రామలింగప్ప ఆమెను అడిగాడు, ఆమె రాసిస్తే అట్లే పుడుతుందన్నట్టు.

"దేవుని దయప్పా," అంది. తన అబద్ధానికి ఆమెకు సిగ్గనిపించలేదు. ఈ మెట్టు మీద ఇంతవరకు చెప్పిన నిజాలన్నిటికంటే అది శుభ్రంగా ఉందనిపించింది.

లోపల అంజనమ్మ గొంతు వినబడింది, పంక్తి అనో ఏదో. రామలింగప్ప గడపలో నిలబడి, "నేను పెట్టించే పంక్తిలో నేను కూర్చుంటే ఎవురికే సిగ్గు?" అని అరిచాడు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

రామలింగప్ప కారుకు మామిడాకులు కట్టారు. సుబ్బరత్నమ్మను వెనక కూర్చోబెట్టారు, పక్కన అంజనమ్మ ఎక్కింది. జ్ఞానమణికి డ్రైవరు పక్కన చోటిచ్చారు; రామలింగప్ప వెనకనుంచి బస్సులో వస్తాడు. గార్గేయపురం దాటాక పిల్ల చేతివేళ్లు మెలి తిరగడం మొదలైంది. అంజనమ్మ, "ఏందిమ్మే ఇది, ఏందిది?" అని ముందు సీటు మీదికి వంగి జ్ఞానమణి భుజం పట్టుకుంది. పట్టుకున్నానని ఆమెకు తెలియలేదు. ఆస్పత్రి వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

తలుపున్న ఆ ఒక్క గదిలో, వరండానుంచి మోసుకొచ్చిన మంచం మీద, సుబ్బరత్నమ్మకు రెండుసార్లు ఫిట్లు వచ్చాయి. మంత్రసాని బడి పిల్లలు కిటికీలకు దుప్పట్లు కట్టి వెలుతురు ఆపారు. ఒకతె నాలుక కరుచుకోకుండా పండ్ల మధ్య గుడ్డ చుట్టిన చెంచా పెట్టింది. డాక్టరమ్మ సూది మందు వేసింది. పొద్దు వాలుతుండగా పట్టకారు లాంటి ఆయుధం వేసి బిడ్డను తీసింది.

అంజనమ్మ బయట, వార్డు కోసం తోలిన ఇసుక కుప్ప మీద కూర్చుని ఉంది. జ్ఞానమణి బయటికి రాగానే లేచింది.

"బతికిందా?"

"బతికింది. ఆడబిడ్డ."

"అది కాదు మ్మే నేను అడిగేది. నా కోడలు."

"బతికింది. ఇంకా తెలివి రాలేదు. వస్తాదంటాండాది డాక్టరమ్మ."

అంజనమ్మ మళ్లీ ఇసుకలో కూర్చుంది. రామలింగప్ప గేటు దగ్గర పూజారితోనూ కరణంతోనూ నిలబడి ఉన్నాడు. ఆడబిడ్డ అన్న మాట అక్కడికి ఎవరో చేరవేశారు. ఆయన పూజారిని ఒక్క మాట అనలేదు. కారు డ్రైవరును మాత్రం, టైర్లు సరిగా తుడవలేదని, చాలా సేపు తిట్టాడు.

రెండు రోజులు ఆయన రాలేదు; అంజనమ్మ మాత్రం కోడలి మంచం దగ్గరే ఉండిపోయింది. మూడోనాడు ఉదయం, డాక్టరమ్మ ఏదో కేసులో సాక్ష్యానికి కోర్టుకు పోయిన వేళ చూసి వచ్చాడు. వేళ చెప్పింది బసవన్నే అయి ఉండాలి. ఆయన కూడా వెంటే ఉన్నాడు. కరణం, పూజారి, ఊరినుంచి ఇంకొంత జనం. ఓపీ కోసం వచ్చిన రోగులు కూడా వింత చూడటానికి చుట్టూ చేరారు.

బసవన్న జ్ఞానమణిని పక్కకు పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"అంతా సరిపోయింది. ఆయప్ప ఇస్తానంటాండాడు. ఆపరేషన్ గదికి కూడా. చిన్న పని ఉంది. ఆ అమ్మిని గదిలోంచి తీసి పాత వరండాలో వెయ్యి. గది కడిగించి పుణ్యాహం చేయిస్తారు. కల్లూరులో ఒక బండి తోలేటోని పెండ్లాం మగబిడ్డను కనింది, వారం కూడా కాలేదు. దాన్నీ బిడ్డనూ తెచ్చి ఈ గదిలో పండబెడతారు. అదే మొదటి కాన్పు. శుక్రవారం దొర వచ్చి చూస్తాడు."

జ్ఞానమణికి మొదట అర్థం కాలేదు. "యాడనో కనిన బిడ్డను తెచ్చి..."

"దొరకేం తెలుసు? ఊరికేం తెలుసు? మంచి తిథి, మగబిడ్డ. ఆయప్పకు కావల్సింది అదే. ఆ బండోనికీ నూకలు, గుడ్డలు ఇస్తారు. అందరికీ మంచిదే."

"ఆ పిల్లకు ఒళ్లు కాలిపోతాండాది సార్. మంచం కదిలించినా మళ్లా ఫిట్లు వస్తాయని డాక్టరమ్మ చెప్పి పోయింది. వెలుతురే పడగూడదు. వరండాలో ఎట్ల వేస్తాము?"

"ఒక పూట. ఒక పూటకు ఏమయితాది? మీ వరండాలో ఇన్ని దినాలు కాన్పులు కాలేదా?"

ఆమె బసవన్నను వదిలి రామలింగప్ప దగ్గరికి వచ్చింది. అలవాటైన నవ్వు పెట్టుకుంది. "అప్పా, మహాలక్ష్మి పుట్టింది మీ ఇంట్లో. మొదటి కాన్పు లక్ష్మిదైతే ఆ ఇంటికి..."

"ఆ మాటలు నా దగ్గర వద్దులే," అన్నాడు ఆయన. "మా నాయన పేరు కింద ఆడది పుట్టిందని ఆదెన్న ఊరంతా నవ్వుతాండారు."

"దొర మళ్లీ వచ్చే నెలలో వస్తాడు. అప్పటికి..."

"శుక్రవారం."

ఆమె దగ్గరున్న సరుకంతా అయిపోయింది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. రామలింగప్పకు ఆ జనం నచ్చింది. ఛాతీ విరిచి, గొంతు పెంచాడు.

"ఇంతమంది ముందర చెప్తాండా. అడుగు జ్ఞానమణీ. మంచాలు, గచ్చు, తలుపులు, ఏం కావల్నో అడుగు. నువ్వు అడుగు, నేను లేదంటానేమో చూడు. ఏం మ్మే, ఇన్ని తూర్లు నా గడప చుట్టూ తిరిగింది దీనికే గదా?"

ఇసుక కుప్ప అవతల, బడి పిల్లలు పాత వరండాలో చాపలు సర్దుతూ ఆగి చూస్తున్నారు. చాపల వెనక ఎవరికో నొప్పులు. మూలుగు వినిపిస్తోంది. మంచాలు, గచ్చు, తలుపులు. ఒక్క మాట అడిగితే చాలు. జ్ఞానమణి ఆ చాపల వైపు చూసింది. ఈ మనిషి ఆ మంచాలను ఇవ్వగలడు, నిజమే. ఇచ్చి, రేపు వాటి మీద ఎవరు పడుకోవాలో, ఎవరు లేవాలో కూడా చెబుతాడు.

"లేదప్పా," అంది.

"ఏం లేదు?"

"అడిగేది ఏమీ లేదు."

కాదనడం రామలింగప్పకు తెలుసు. తర్వాత చూస్తాననడం తెలుసు. అడగని మనిషికి ఏమివ్వాలో, అడగని మనిషిని ఎట్లా పంపించాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆయన కరణం వైపు చూశాడు. కరణం పూజారి వైపు చూశాడు. జనంలో ఎవరో ముసలామె కిసుక్కుమంది.

"అంజనా!" అని ఆయన గది వైపు చూసి అరిచాడు. "లెయ్. కారెక్కు. పోదాం."

గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు.

"జ్ఞానమణీ, నీకు మతి పోయిందా?" అంటున్నాడు బసవన్న. "ఈ పొద్దుతో నీ పని..." ఆ మాట పూర్తయ్యేదాకా ఆమె నిలబడలేదు. గదిలోకి వెళ్లి తలుపు మూసి గడియ పెట్టింది.

చీకటిగా, చల్లగా ఉంది లోపల. అంజనమ్మ మంచం కాళ్ల దగ్గర కింద కూర్చుని, పసిబిడ్డను తొడల మీద పడుకోబెట్టుకొని ఉంది. మొగుడి కేక ఆమెకు వినబడింది. బిడ్డ చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. తలెత్తలేదు.

కేకకు సుబ్బరత్నమ్మ కండ్లు తెరిచింది. గొంతు పోల్చుకొని, మోచేతుల మీద లేవబోయింది. "మామ వచ్చినాడా? లేచి నిలబడల్ల..."

జ్ఞానమణి ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి ఆనించింది. ఒళ్లు పెనం మాదిరి కాలుతోంది. "పండుకోమ్మా. నువ్వు లేవల్సిన మనిషి ఎవురూ రాలేదు."

తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసింది. బయట కారు తలుపు దబ్బున మూసుకుంది. ఇంజను మొరాయించి, మళ్లీ మొరాయించి, కదిలింది. దాని వెనక కంకర మీద చెప్పుల చప్పుడు, అప్పా, అప్పా అనే పిలుపు, గేటు దాటి రోడ్డు దాకా పోయాయి.

"ఎవురక్కా అట్ల పరుగెత్తేది?" అంది సుబ్బరత్నమ్మ, కండ్లు మూసుకునే.

"మా సెక్రటరీ," అంది జ్ఞానమణి. "ఆయప్పకు అలవాటేలే. నువ్వు నిద్రపో."